సంచిలో రెండు రాళ్లు



ఈ వారం మేము రాస్తున్న సంగతి మీలో కొందరికి వింతగా ఉంటుంది, కొందరికి కోపం తెప్పిస్తుంది. అమెరికాలో పాత బేస్‌బాల్ కార్డులను ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు వాటి స్థితిని గురించి రాసే మాటల మీద ఈ వ్యాసం. పల్లెటూరి పాస్టరుకు బేస్‌బాల్‌తో ఏం పని అని మీరు అడగవచ్చు. పని పడింది. మన మందిరం పైకప్పుకు వేసిన రేకుల్లో కొన్ని అలాంటి కార్డు అమ్మిన డబ్బుతో వచ్చినవే. ఆ డబ్బు ఎలా వచ్చిందో రేకులు బిగించిన తరువాత గాని మాకు తెలియలేదు.

మన సంఘంలో పుట్టి పెరిగి, మన చెరువులోనే బాప్తిస్మము పొంది, ఇప్పుడు అమెరికాలో ఉద్యోగం చేసుకుంటున్న ఒక తమ్ముడు రెండు నెలల క్రితం మాకు ఫోన్ చేశాడు. అతని పేరు ఇక్కడ రాయము. "పేరు తప్ప అంతా రాయండి అయ్యగారూ, నాలాంటి వాళ్లు ఇంకా ఉన్నారు" అని అతనే అన్నాడు. అందుకే రాస్తున్నాము.

మొదట ఈ కార్డుల సంగతి తెలియనివారికి రెండు మాటలు. బేస్‌బాల్ కార్డు అంటే చిన్న అట్టముక్క. ఒకవైపు ఆటగాడి బొమ్మ, రెండోవైపు అతని ఆట వివరాలు ఉంటాయి. మా వయసు వాళ్లకు బబుల్ గమ్‌తో పాటు వచ్చిన క్రికెట్ బొమ్మలు గుర్తుండే ఉంటాయి. వాటిని జేబులో కుక్కుకుని బడికి పోయి, ఒకటికి రెండు మార్చుకునేవాళ్లం. అమెరికాలో ఈ సరదా నూరేళ్లకు పైబడినది. అక్కడ ఇవి తొలిరోజుల్లో సిగరెట్ పెట్టెల్లో వచ్చేవి. 1909 నుండి 1911 వరకు అమెరికన్ టొబాకో కంపెనీ వేసిన కార్డులను సేకరించేవాళ్లు టీ206 అని పిలుస్తారు. తరువాతి కాలంలో బబుల్ గమ్‌తో వచ్చాయి. టాప్స్ అనే కంపెనీ 1952లో 407 కార్డుల వరుస వేసింది. అందులో మిక్కీ మాంటిల్ అనే ఆటగాడి కార్డు ఒకటి 2022లో ఒక కోటి ఇరవై ఆరు లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది.

ఎందుకంత ధర? అది దాదాపు కొత్తదానిలా ఉంది గనుక. పిల్లలు ఆ రోజుల్లో కార్డులకు రబ్బరు బ్యాండ్లు చుట్టారు, గోడకు విసిరి ఆడారు, సైకిల్ చక్రం పుల్లల దగ్గర తగిలించి టపటపమని చప్పుడు చేయించారు. కాబట్టి పాత కార్డులు దొరికినా మూలలు అరగనివి, మడత పడనివి చాలా తక్కువ. అదే మాంటిల్ కార్డు, అదే సంవత్సరానిది, మూలలు గుండ్రంగా అరిగి మధ్యలో మడత పడితే ఆ ధరలో వందో వంతు కూడా పలకదు. ఆటగాడు మారలేదు, బొమ్మ మారలేదు. ధరంతా స్థితిలోనే ఉంది.

ఆ స్థితిని చెప్పడానికి వాళ్లకు ఒక కొలత ఉంది. ఒకటి నుండి పది వరకు లెక్క. ఒకటి పూర్, రెండు గుడ్, మూడు వెరీ గుడ్, అయిదు ఎక్సలెంట్, ఆరు ఎక్సలెంట్-మింట్, ఏడు నియర్ మింట్, తొమ్మిది మింట్, పది జెమ్ మింట్. గుడ్ అంటే పదిలో రెండే అన్న సంగతి మీరు గమనించండి. ఈ వ్యాపారంలో మాటలు ఊరికే పొగడ్తలు కావు, ఒక్కో మాటకు ఒక్కో బరువు ఉంది. 1991 నుండి పీఎస్ఏ వంటి సంస్థలు రుసుము తీసుకుని కార్డును పరిశీలించి, అంకె వేసి, గట్టి ప్లాస్టిక్ పెట్టెలో మూసి ఇస్తున్నాయి. కానీ అన్ని కార్డులూ అక్కడికి పోవు. పరీక్ష కాని కార్డును అమ్మేవాడు తన మాటతోనే అమ్ముతాడు. మన ఊరి కిరాణా కొట్టులో తూనిక రాళ్లకు తూనికలు కొలతల శాఖ వాళ్లు ముద్ర వేస్తారు. పరీక్ష కాని కార్డు అమ్మేవాడి నోటికి ముద్ర వేసేవాళ్లు ఎవరూ లేరు. అతని మాటే రాయి, అతని మనస్సాక్షే ముద్ర.

ఇప్పుడు మన తమ్ముడు ఏం చేశాడో చెబుతాము. వారాంతంలో అక్కడ కార్డుల సంత జరుగుతుంది. మన పశువుల సంత లాంటిదే, బల్లల మీద కార్డులు పరుస్తారు. అక్కడ ఒక పెద్దాయన దగ్గర 1950ల నాటి కార్డు ఒకటి చూశాడు. ఆయన వంద డాలర్లు అడిగాడు. మన తమ్ముడు కార్డును తొడుగులోంచి తీయించి, దీపం కింద వాల్చి చూసి, ఎడమ పక్కన ఒక సన్నని మడత పట్టుకున్నాడు. "ఇదిగో మడత ఉంది కదండీ, ఇది నాలుగు కంటే ఎక్కువ రాదు" అని వేలితో చూపించాడు. ఆ మాట నిజమే. మడత కనబడే కార్డుకు సాధారణంగా నాలుగుకు మించి అంకె రాదు. పెద్దాయన ఒప్పుకుని అరవైకి ఇచ్చాడు.

మూడు వారాల తరువాత అదే కార్డును ఆన్‌లైన్‌లో పెట్టాడు. స్కానర్ మీద పెట్టి బొమ్మ తీశాడు. "ఎక్సలెంట్-మింట్. పాత సేకరణలోనిది. పదునైన మూలలు. నేను నిపుణుణ్ణి కాను, ఫోటోలు చూసి మీరే నిర్ణయించుకోండి" అని రాశాడు. రెండు వందల నలభై డాలర్లు వచ్చాయి. దేవుడు ఆశీర్వదించాడని సంతోషించి, అందులో వంద డాలర్లు మన పైకప్పు నిధికి పంపాడు. మేము ఆదివారం ఆరాధనలో అతని పేరు చదివి స్తోత్రం చెల్లించాము. అక్కలంతా చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు వీడియోలో విన్న రాత్రి అతనికి నిద్ర పట్టలేదట. "అయ్యగారూ, నేను రాసినదాంట్లో అబద్ధం ఉందా?" అని మమ్మల్ని అడిగాడు.

ఉంది తమ్ముడూ. అప్పుడు నీకు చెప్పాము, ఇప్పుడు అందరికీ చెబుతున్నాము. ఉంది.

ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయములో దేవుడు ఇచ్చిన ఆజ్ఞ ఒకటుంది. వ్యాపారి తన సంచిలో పెద్దది ఒకటి, చిన్నది ఒకటి, రెండు రకాల రాళ్లు పెట్టుకోకూడదు. రెండు రాళ్లు ఎందుకు పెట్టుకుంటాడు? కొనేటప్పుడు ఒకటి, అమ్మేటప్పుడు ఒకటి తీయడానికి. సామెతలు 20వ అధ్యాయములో అదే మనిషి ఇంకో వైపు నుండి కనబడతాడు. కొనేటప్పుడు సరుకు బాగాలేదు, బాగాలేదు అని మూతి విరుస్తాడు, కొని ఇంటికి పోయాక గొప్పగా చెప్పుకుంటాడు. మూడు వేల ఏళ్ల నాటి ఆ సంతకూ, మన తమ్ముడు వెళ్లిన సంతకూ తేడా మాకు కనబడలేదు. కొనేటప్పుడు దీపం కింద కనబడిన మడత అమ్మేటప్పుడు ఎటు పోయింది? కార్డు మీద మడత కార్డు మీదే ఉంది. మాయమైంది మాటలోంచి. సంతలో "నాలుగు" అన్న నోరే ఆన్‌లైన్‌లో "ఆరు" అంది. ఇవే సంచిలో రెండు రాళ్లు.

ఈ మాట చెప్పినప్పుడల్లా మాకు ఎదురయ్యే సాకులు కొన్ని ఉన్నాయి. మన తమ్ముడు కొన్ని చెప్పాడు, అక్కడే కార్డుల వ్యాపారం చేసే అతని స్నేహితులు ఇంకొన్ని చెప్పి పంపారు. ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటిది: "ఫోటో పెట్టాను కదా, చూసుకోవలసింది కొనేవాడే." ఈ మాట న్యాయంగా వినబడుతుంది. కానీ ఎలాంటి ఫోటో? స్కానర్ సూటిగా వెలుగు వేస్తుంది, పైపొర చిట్లని సన్న మడత అందులో కనబడదు. కార్డును వెలుగుకు వాల్చి తిప్పితేనే వెంట్రుకలా మెరుస్తుంది. ఈ సంగతి అమ్మేవాడికి తెలుసు, ఎందుకంటే సంతలో తాను చూసింది అలాగే. కనబడని విధంగా చూపించి, చూపించాను కదా అనడం దాచడానికి ఇంకో పేరు. ప్లాస్టిక్ తొడుగులోంచి తీయకుండా తీసిన ఫోటో, మసక వెలుగులో తీసిన ఫోటో, వెనుక వైపు మరక ఉంటే ముందు వైపు మాత్రమే పెట్టిన ఫోటో, అన్నీ ఈ కోవలోవే.

రెండోది: "నేను నిపుణుణ్ణి కాను." ఈ మాట రాసేవాళ్లలో నిజంగా తెలియనివాళ్లు ఉన్నారు. తాత చనిపోతే అటక మీద దొరికిన పెట్టెను అమ్ముకునే మనవరాలికి ఆరు ఏమిటో నాలుగు ఏమిటో తెలియదు. ఆమెను మేము తప్పు పట్టము. నిర్గమకాండము 21వ అధ్యాయములో పొడిచే ఎద్దు గురించిన న్యాయవిధి చదవండి. ఎద్దుకు పొడిచే గుణం ఉందని తెలియని యజమానికి ఒక తీర్పు, తెలిసి హెచ్చరిక విని కూడా కట్టేయని యజమానికి వేరే తీర్పు. ఎద్దు ఒక్కటే, దెబ్బ ఒక్కటే. తీర్పును మార్చింది యజమానికి ఉన్న తెలివిడి. నలభై డాలర్లు తగ్గించుకోవడానికి నిపుణుడైనవాడు అమ్మకం దగ్గర అమాయకుడైతే, దేవుడు అతన్ని ఏ యజమానిగా లెక్కిస్తాడు? తెలిసినవాడు "తెలియదు" అని రాస్తే ఒకటి కాదు, రెండు అబద్ధాలు. ఒకటి కార్డు గురించి, రెండోది తన గురించి.

మూడోది: "అందరూ అలాగే రాస్తారు అయ్యగారూ. చదివేవాడు రెండు అంకెలు తగ్గించుకునే చదువుతాడు. నేను ఒక్కణ్ణే నిజం రాస్తే నా కార్డును ఇంకా రెండు తగ్గించి చూస్తారు." ఈ సాకులో కొంత నిజం ఉంది, అందుకే ఇది ప్రమాదకరమైనది. అబద్ధం అలవాటైన అంగడిలో నిజం చెప్పేవాడు నష్టపోతాడు, కాదనము. అయితే తగ్గించుకుని చదవడం ఎవరికి వచ్చు? ఇరవై ఏళ్లుగా ఈ వ్యాపారంలో ఉన్నవాడికి వచ్చు. పాకెట్ మనీ దాచుకుని మొదటి పాత కార్డు కొనే పన్నెండేళ్ల పిల్లవాడికి రాదు. తన చిన్నతనంలో అమ్మ పారేసిన కార్డును మళ్లీ ఒకసారి చేతిలో పట్టుకోవాలని పింఛను డబ్బుతో కొనే ముసలాయనకు రాదు. అందరికీ తెలిసిన అబద్ధం ఎవరినీ మోసం చేయదని చెప్పేవాళ్లు, ఆ "అందరి"లో అమాయకులను లెక్క వేయరు. ఆమోసు ప్రవక్త తూము చిన్నదిగా, తులము పెద్దదిగా చేసేవారిని గద్దించినప్పుడు ఆ మోసం తగిలేది బీదలకే అని చెప్పాడు. బలవంతుడు తన సొంత త్రాసు తెచ్చుకుంటాడు. బీదవాడు అంగడివాడి త్రాసును నమ్ముతాడు.

నాలుగోది: "పాత కార్డు కదా, వయసుకు తగ్గట్టు బాగుంది అన్నాను, తప్పేముంది?" ఆ కొలతలో వయసుకు మినహాయింపు లేదు. 1910 కార్డుకైనా 2010 కార్డుకైనా మడత మడతే. "వయసుకు తగ్గట్టు" అన్న మాట కొలత లాగా వినబడే కొలత కాని మాట. అలాంటివే "ఎక్సలెంట్ నుండి నియర్ మింట్ దాకా" అనడం, "పదునుగా కనబడుతుంది" అనడం. అమ్మేవాడు ఎక్కడా చిక్కకుండా, కొనేవాడు మాత్రం ఆశపడేలా అల్లిన మాటలివి. వెయ్యి అబద్ధాలాడి ఒక పెళ్లి చేయమన్నారని మనవాళ్లు నవ్వుతూ అంటారు. ఆ పెళ్లి తరువాత కాపురం చేయవలసింది పెళ్లిళ్ల పేరయ్య కాదు కదా.

అయిదోది, మన తమ్ముడు చివరిదాకా పట్టుకున్నది: "కొన్నాయన ఒక్క మాట అనలేదు. తృప్తిగానే ఉన్నాడు." ఈ సాకుకు జవాబు మేము ఇవ్వనక్కరలేదు. కొన్నాయనే ఇచ్చాడు. దాని సంగతి చివర చెబుతాము.

ప్రియులారా, చిన్న మడతకు ఇంత గొడవా అనేవాళ్ల కోసం ఒక పెద్ద కథ. ఇది అమెరికా కోర్టులో నమోదైన సంగతి. టీ206 వరుసలో హోనస్ వాగ్నర్ అనే ఆటగాడి కార్డు చాలా అరుదు. అందులో అన్నిటికన్నా అందమైనదిగా పేరు పొందిన ఒక కార్డును 1985లో బిల్ మాస్ట్రో అనే వ్యాపారి 25 వేల డాలర్లకు కొన్నాడు. 1991 వేలంలో హాకీ ఆటగాడు వేన్ గ్రెట్జ్‌కీ, బ్రూస్ మెక్‌నాల్ కలిసి దాన్ని 4,51,000 డాలర్లకు కొన్నారు. అప్పుడే మొదలైన పీఎస్ఏ సంస్థ మొట్టమొదటగా అంకె వేసిన కార్డు అదే. పదికి ఎనిమిది వేశారు. 2007లో అది 28 లక్షల డాలర్లు పలికింది. దాని అంచులు అంత తీరుగా ఎలా ఉన్నాయని అనుమానపడినవాళ్లు ఎప్పటినుండో ఉన్నారు. చివరికి 2013లో చికాగో ఫెడరల్ కోర్టులో, వేలాల్లో దొంగ పాటలు పాడించి ధర పెంచిన మోసాన్ని ఒప్పుకుంటూ, ఆ వాగ్నర్ కార్డు పక్క అంచులు తానే కత్తిరించానని కూడా మాస్ట్రో ఒప్పుకున్నాడు. 2015లో అతనికి ఇరవై నెలల జైలు శిక్ష పడింది.

కత్తిరించిన కార్డుకు అంకె ఇవ్వకూడదన్నది ఆ వ్యాపారంలో అందరూ ఒప్పుకున్న నియమం. ఎందుకంటే అరిగిన అంచు కోసేస్తే కొత్త అంచు వస్తుంది, నూరేళ్ల వయసు ఒక్క కోతతో చెరిగిపోతుంది. ఆ కార్డు చేతులు మారిన ప్రతిసారీ ఒక మాట దాని వెంట వెళ్లింది, ఒక మాట వెనుక ఉండిపోయింది. వెంట వెళ్లినది "ఎనిమిది". వెనుక ఉండిపోయినది "నేను కోశాను". కోసినవాడు జైలుకు పోయాడు. మా బాధ అది కాదు. ఆ ఒక్క మాట దాచబడినందుకు, ఎంతోమంది నమ్మి కట్టిన కొలతబద్ద మొదటి గీతే వంకరగా పడింది. పరీక్షించే సంస్థ పెట్టె మీద మొదటి అంకె వేసిన రోజే మోసపోయింది. అంత పెద్దవాళ్ల కన్నే కప్పగలిగితే, ఫోన్‌లో ఫోటో చూసి కొనే పిల్లవాడి సంగతి ఏమిటి?

ఇక మా మనసును అన్నిటికంటే ఎక్కువ కలచిన విషయానికి వస్తాము. ఆ డబ్బు దేవుని మందిరానికి వచ్చింది. మలాకీ గ్రంథము మొదటి అధ్యాయములో యాజకులు గ్రుడ్డిదాన్ని, కుంటిదాన్ని, రోగం పట్టినదాన్ని బలిపీఠం మీదికి తెచ్చారు. అలాంటిదాన్ని మీ అధికారికి ఇచ్చి చూడండి, తీసుకుంటాడా అని దేవుడు నిలదీశాడు. ఆ రోజుల్లో బలిపశువును లోపం ఉందా లేదా అని పరీక్షించి చూసేవారు. లేవీయకాండము 22వ అధ్యాయములో ఏయే లోపాలు ఉండకూడదో వరుసగా ఉంది. దేవుడు లోపాన్ని పేరు పెట్టి పిలవడం మనకు నేర్పాడు. మనమేమో లోపాన్ని దాచి సంపాదించి, సంపాదించినదాంట్లో భాగం ఆయనకు ఇచ్చి, ఆశీర్వాదం అని పేరు పెడుతున్నాము.

అననీయ సప్పీరాల సంగతి అందరికీ తెలుసు. పొలం వాళ్లది, అమ్ముకోవచ్చు. డబ్బు వాళ్లది, దాచుకోవచ్చు. పేతురు అదే మాట వాళ్లతో అన్నాడు. వాళ్ల పాపం అమ్మడంలో లేదు, డబ్బు ఉంచుకోవడంలో లేదు. కొంత తెచ్చి, ఇదే మొత్తం అని చెప్పడంలో ఉంది. కాబట్టి మేము లాభానికి శత్రువులం కాము. అరవైకి కొని రెండు వందల నలభైకి అమ్మడం పాపం అని మేము అనలేదు. మడత ఉందని చెప్పి రెండు వందల నలభైకి అమ్ము, అది నీ తెలివి. మడత లేనట్టు చెప్పి అరవై ఒక్క డాలరుకు అమ్మినా ఆ పై డాలరు దొంగిలించినదే.

ఈ సంగతి సంఘ పెద్దల ముందు పెట్టాము. ఒక పెద్దాయన, ఆయన మనసు మంచిది, ఇలా అన్నాడు: "అయ్యగారూ, ఎక్కడో అమెరికాలో ఎవరిదో అట్టముక్క మీద గీత ఉందని మనం రేకులు విప్పుతామా? వానాకాలం వస్తోంది." ఆ మాటకు మాకూ నవ్వొచ్చింది, వెంటనే దుఃఖమూ వచ్చింది. వంద డాలర్లు అంటే మన అక్కలు ఇరవై రోజులకు పైగా కూలికి పోతే వచ్చే డబ్బు. రేకులు విప్పలేదు. మూడు ఆదివారాల కానుకల్లోంచి ఆ మొత్తం పక్కన పెట్టి తమ్ముడికి తిరిగి పంపాము. వద్దని బతిమాలాడు. "ఇది నీకు ఇవ్వడం కాదు, ఎవరిదో వాళ్లకు చేరడానికి నీ చేతిలో పెడుతున్నాము" అన్నాము. లేవీయకాండము 6వ అధ్యాయములో వరుస స్పష్టంగా ఉంది. మోసంతో తీసుకున్నది మొదట దాని యజమానికి తిరిగి ఇవ్వాలి, దాని మీద అయిదో వంతు కలిపి ఇవ్వాలి, ఆ తరువాతే బలి. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు. ముందు కానుక ఇచ్చి తరువాత చూద్దాం అని ఎక్కడా లేదు.

ఇంత గట్టిగా రాస్తున్న మేము పరిశుద్ధులమని అనుకోకండి. కొన్నేళ్ల క్రితం మన మందిరం పాత ఆంప్లిఫయర్‌ను పక్క ఊరి సంఘానికి అమ్మింది మేమే. "బాగా పనిచేస్తుందా అయ్యగారూ" అని వాళ్లడిగితే "మన ఆరాధనంతా దీనితోనే" అన్నాము. గంట దాటితే వేడెక్కి ఆగిపోతుందని చెప్పలేదు. మేమన్నది అక్షరాలా నిజమే. అందుకే అది ఇంకా పెద్ద అబద్ధం. మన తమ్ముడి ఫోన్ పెట్టేశాక మాకు మొదట గుర్తొచ్చింది ఆ ఆంప్లిఫయరే. వెళ్లి ఆ పాస్టరుగారి దగ్గర ఒప్పుకుని, డబ్బు ఇచ్చి వచ్చాము. ఆ తరువాతే ఈ వ్యాసం రాయడానికి కూర్చున్నాము.

కాబట్టి కార్డులు అమ్మే తమ్ముళ్లకు మా మనవి. కార్డును తొడుగులోంచి బయటికి తీయండి. కొనేటప్పుడు ఎలా వాల్చి చూశారో అలాగే వాల్చి ఫోటో తీయండి. ముందు, వెనుక, నాలుగు మూలలు చూపించండి. మడత, మరక, గమ్ అంటిన గుర్తు, పెన్ను గీత ఉంటే మొదటి వాక్యంలోనే రాయండి, ఆఖరున చిన్న అక్షరాల్లో కాదు. కోసినా, రంగు పూసినా, మడతను నొక్కి చదును చేసినా చెప్పండి. మీరు చేయలేదు గాని అనుమానం ఉంటే ఆ అనుమానాన్ని రాయండి. నిజంగా తెలియకపోతే, ఏం చూశారో ఏం చూడలేదో చెప్పండి. రాశాక ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇదే కార్డును నేను కొనడానికి పోతే, దీనిలో ఏ లోపం చూపించి ధర తగ్గించమంటాను? ఆ లోపం మీ రాతలో లేకపోతే మీ సంచిలో రెండో రాయి ఉంది.

ఇక్కడ ఊళ్లో ఉండి ఇది చదువుతున్నవారు, కార్డులు మనకెందుకు అని తేలిగ్గా ఊపిరి పీల్చుకోకండి. "సింగిల్ ఓనర్, గుడ్ కండిషన్" అని పాత బైకు ఫోటో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేది మనవాళ్లే. మేము ఇంతకంటే చెప్పము. ఎవరి బైకు సంగతి వారికి తెలుసు.

చివరిగా, కొన్నాయన ఇచ్చిన జవాబు. మన తమ్ముడు పదిరోజులు తటపటాయించి, చివరికి ఆయనకు ఉత్తరం రాశాడు. మడత ఉందని, తనకు ముందే తెలుసని, కార్డు తిరిగి పంపితే మొత్తం డబ్బు, పైన అయిదో వంతు ఇస్తానని రాశాడు. ఆయన జవాబు నాలుగు వాక్యాలే. కార్డు చేతికి వచ్చిన రోజే మడత చూశానని, మనవడి పుట్టినరోజుకని కొన్నది ఇవ్వలేక సొరుగులో పెట్టేశానని, ఈ వయసులో గొడవ పడే ఓపిక లేక ఊరుకున్నానని, ఇక ఆన్‌లైన్‌లో తెలియనివాళ్ల దగ్గర కొననని భార్యతో అన్నానని రాశాడు. ఆయన మౌనం తృప్తి కాదు. మనుషుల మీద నమ్మకం పోవడం. మన తమ్ముడు ఆ ఉత్తరం మాకు చదివి వినిపిస్తూ మధ్యలో ఆగిపోయాడు.

కార్డు తిరిగి వచ్చింది, డబ్బు వెళ్లింది. ఆయన అయిదో వంతు తీసుకోలేదు, పోస్టు ఖర్చు మాత్రం తీసుకున్నాడు. తమ్ముడు అదే కార్డును మళ్లీ పెట్టాడు. మొదటి వాక్యం: "ఎడమ పక్కన మడత ఉంది, రెండో ఫోటోలో చూడండి." ఈసారి వచ్చింది మొదటి ధరలో మూడో వంతు కూడా కాదు. "నూట అరవై పైగా పోయింది అయ్యగారూ" అన్నాడు. "పోలేదు తమ్ముడూ, అవి ఎప్పుడూ నీవి కావు" అన్నాము. కొంచెం సేపు మాట్లాడలేదు. తరువాత, ఆ రాత్రి బాగా నిద్ర పట్టిందని చెప్పాడు.

వాన పడినప్పుడు మన రేకుల మీద చప్పుడు వింటూ మేము ఇప్పుడు ప్రార్థించుకుంటున్నాము. ప్రభువా, మా నోటిలో ఒకే రాయి ఉంచుము. కొనేటప్పుడు ఏదో, అమ్మేటప్పుడూ అదే. మాకు తెలిసిన లోపాన్ని ముందుగా మేమే చెప్పే ధైర్యం దయచేయుము. మా మౌనం వల్ల ఎవరి నమ్మకం పోయిందో వారిని మాకు గుర్తుచేయుము, తిరిగి ఇవ్వడానికి చేతులు చాచే మనసు మాకు దయచేయుము. ఆమేన్.